నోట్లో తిరిగే ఫ్రెంచి

(గుడుపల్లెలో ఒక పాస్టరు భార్య కోసం జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చు రూపం. మాట్లాడేటప్పుడు రెండుసార్లు దొర్లిన మాటలు తీసేశాను. మిగతాది చెప్పినట్టే ఉంచాను.)



వస్తుంటే స్టేషను దగ్గర ఒక పెద్దాయన ఆపి అడిగాడు, కరపత్రంలో ఆమె పేరు వేయలేదేమమ్మా అని. కుటుంబం వద్దంది. బతికుండగా ఏ కాగితం మీదా పేరు పెట్టుకోని మనిషికి పోయినాక ఫ్లెక్సీ కట్టేదేంది అని కూతురు అడిగింది. ఎవరికీ జవాబు తోచలేదు. అందుకని ఈ గంటసేపూ ఊరంతా పిలిచినట్టే నేనూ పాస్టరమ్మ అంటాను. ఆ పిలుపు గురించి కూడా చెప్పాల్సింది కొంచెం ఉంది.

నేను గుడికి, అంటే చర్చికి, పోయే మనిషిని కాను. బెంగుళూరులో ఇరవై ఆరేళ్ళు ఫ్రెంచి పాఠాలు చెప్పి, మా అమ్మ కట్టించిన ఇంట్లో ఉందామని ఇక్కడికి వచ్చాను. వచ్చిన రెండో ఏడు, నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఫోను చేసింది. ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే దేశాల్లో పాస్టర్ల భార్యల కోసం పన్నెండు పాఠాలు ఇంగ్లీషు నుంచి ఫ్రెంచిలోకి దించారట, భాష సరిగా ఉందో లేదో చూసిపెట్టమంది. అచ్చుతప్పులు దిద్దే పనే కదా అనుకున్నాను. అవే పాఠాలు తెలుగులో కూడా వచ్చాయని, ఆ తెలుగు పుస్తకం మా వీధి చివర ఒకామె దగ్గర ఉందని తెలిసి, పోల్చి చూద్దామని వెళ్ళాను.

ఆమె పుస్తకం ఇచ్చింది. దానితోపాటు ఒక పొడుగు రూళ్ళ పుస్తకం కూడా తెచ్చి, "ఇది చూడండి టీచరమ్మా, అది నోట్లో తిరగదు" అంది.

అచ్చులో ఉన్న ప్రతి పాఠాన్నీ ఆమె గురువారం ఆడవాళ్ళ కూటానికి ముందు తన మాటల్లో తిరగరాసుకునేది. రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. అచ్చు పుస్తకంలో తప్పు తెలుగు ఎక్కడా లేదు, వ్యాకరణం చక్కగానే ఉంది. అయితే ఏ వాక్యమూ ఎవరి నోటినుంచీ వచ్చినట్టు లేదు. నా సంచీలో ఉన్న ఫ్రెంచి పాఠాలకూ అదే జబ్బు. ఇరవై ఆరేళ్ళ టీచరుని, ఆ సంగతి నాకు అప్పటిదాకా కనబడలేదు. వ్యాకరణం బాగుంటే నేను కింద టిక్కు పెట్టేదాన్ని.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు మేమిద్దరం కలిసి కూర్చున్నాం. ఆమెకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. నేను ఫ్రెంచి వాక్యం చదివి, ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పేదాన్ని. ఆమె సంగటికి పిండి కలుపుతూనో, చింతపండు గింజలు తీస్తూనో వినేది. విని ఒకటే ప్రశ్న వేసేది. "ఆయమ్మ ఈ మాట ఎవురికి చెప్పల్ల?"

ఆ ప్రశ్న చుట్టూనే ఈ ఉపన్యాసమంతా. మామూలుగా అనువాదం గురించి మాట్లాడేవాళ్ళు మూలంలో ఏముంది, ఎంత దక్కింది, ఎంత జారింది అని లెక్క చూస్తారు. పాస్టరమ్మ లెక్క వేరు. పాస్టరు భార్య చదివే పాఠం ఆమె దగ్గర ఆగదు. చదివినదాన్ని ఆమె చదువురాని పదిమంది ఆడవాళ్ళకు నోటితో చెప్పాలి. అంటే మనం అనువాదం చేసేది చదివే మనిషి కోసం కాదు, ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్న మనుషుల కోసం. మధ్యలో ఇంకొక అనువాదం ఉంటుంది, దాన్ని చేసేది పాస్టరమ్మే. ఆమె పని సులువు చేయని అచ్చుపుస్తకం ఎంత శుద్ధంగా ఉన్నా సగం పనే.

గుడుపల్లె వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇటు పోతే కన్నడం, అటు పోతే అరవం. పొద్దున బంగారుపేట వైపు రైలెక్కే ఆడవాళ్ళు పెట్టెలో ఒక భాష, టిక్కెట్టు దగ్గర ఒక భాష, పనిచేసే చోట ఒక భాష మాట్లాడి రాత్రికి ఇంటికొచ్చి తెలుగులో పిల్లల్ని తిడతారు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో పెట్టడానికి మూడు రాష్ట్రాల కూడలి కావడమే కారణం. మన వీధుల్లో ఆ విశ్వవిద్యాలయం అంతకు ముందు కొన్ని వందల ఏళ్ళుగా ఫీజు లేకుండా నడుస్తోంది.

ఆఫ్రికా సంగతీ అలాంటిదే. ఫ్రెంచి అంటే మనకు పారిస్ గుర్తొస్తుంది కానీ, ఈరోజు ప్రపంచంలో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికాలో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి అది అమ్మ నేర్పిన భాష కాదు, బడిలో నేర్చిన భాష. కాంగోలో పాస్టరు భార్య పాఠం ఫ్రెంచిలో చదువుకుని, కూటంలో లింగాలాలోనో స్వాహిలీలోనో కికోంగోలోనో చెబుతుంది. బుర్కినా ఫాసోలో అయితే మోరేలో. ఆమెకు ఫ్రెంచి ఎలాంటిదో మన పాస్టరమ్మకు బైబిలులోని గ్రాంథిక తెలుగు అలాంటిది. గౌరవం ఉంటుంది, భయం కూడా ఉంటుంది, కానీ దానితో పొయ్యి దగ్గర మాట్లాడలేం.

కాంగోలో పాస్టరు భార్యను ఏమని పిలుస్తారో తెలుసా? మమాఁ పాస్తర్. ఈ మాట చెప్పగానే ఆమె చింతపండు వదిలేసి నవ్వింది. "అయితే ఆయమ్మా పాస్టరమ్మే!" పారిస్‌లో అచ్చయ్యే పుస్తకంలో 'ఫామ్ ద పాస్తర్' అని ఉంటుంది, అంటే పాస్టరు భార్య అని. మా పాఠాల్లోనూ అలాగే ఉంది. భార్య అనేది ఒక మనిషితో చుట్టరికం. అమ్మ అనేది ఊరితో చుట్టరికం. పన్నెండు పాఠాల్లోనూ ఆ పిలుపు మార్చమని వాటిని తయారుచేసినవాళ్ళకు రాశాం. ఇంగ్లీషులో ఆ మాట లేదు కదా అని జవాబు వచ్చింది. తెలుగులోనూ కాంగోలోనూ ఉంది కదా అని మళ్ళీ రాశాం. ఆ ఒక్క మాట మీద ఏడు ఉత్తరాలు నడిచాయి.

ఇక కొన్ని మాటల కథలు చెబుతాను. నాకు ఇష్టమైనవే ఎంచుకున్నాను.

మూడో పాఠం అలసట గురించి. ఇంగ్లీషులో 'బర్న్ ఔట్' అని పెట్టారు, కాలి ఆరిపోవడం. తెలుగు పుస్తకంలో దాన్ని 'దహించుకుపోవుట' అని దించారు, చితి మీద పడుకున్నట్టు. ఫ్రెంచిలో 'ఎప్విజ్‌మాఁ' అని ఉంది. పాస్టరమ్మ తన రూళ్ళ పుస్తకంలో రాసుకున్న మాట 'అడుగంటడం'. అన్నం మాడి అడుగంటడమా అని అడిగాను. కాదంది. "బావి అడుగంటలేదా? చేంతాడు ఎంత వదిలినా బొక్కెన రాయికి తగుల్తుంది చూడండి, అది." ఆ రాత్రి ఇంటికొచ్చి ఫ్రెంచి నిఘంటువు తీశాను. 'ఎప్విజే' అనే క్రియలో ఉన్నది 'ప్వీ', అంటే బావి. బావిలో నీళ్ళు చివరిదాకా తోడేయడం అని ఆ మాటకు మొదటి అర్థం. ఆ మాటను నేను కొన్ని వేలసార్లు బోర్డు మీద రాసి ఉంటాను, దానిలో ఉన్న బావిని ఎన్నడూ చూడలేదు. వెయ్యడుగుల బోరు వేసి దుమ్ము చూసిన ఊరి మనిషికి ఆ బావి వెంటనే కనబడింది. ఇంగ్లీషు నిప్పును పక్కనపెట్టి ఆ పాఠాన్నంతా నీళ్ళ మీదికి మార్చాం. తోడినంత సేపూ ఊట ఉండదు, రాత్రి పూట బావిని వదిలేయాలి అని ఆమె చెప్పిన మాట ఫ్రెంచి ప్రతిలో ఇప్పటికీ ఉంది.

మొదటి పాఠం ఏకాంత ప్రార్థన గురించి. పొద్దున్నే లేచి, గది తలుపు వేసుకుని, కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, నిశ్శబ్దంగా కూర్చోమని. ఇది విని ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాస్టరింటి తలుపు ఏస్తే ఊరోళ్ళు ఏమనుకుంటారు?" అంది. ఆమెకు ఒకటే గది. పట్టుపురుగులు గూడు కట్టే చంద్రికలకు ఎక్కే రోజుల్లో పక్కింటివాళ్ళ తట్టలు కూడా ఆ గదిలోనే ఉండేవి. తన పుస్తకంలో తలుపు తీసేసి, 'మల్బరీ ఆకు కోసేటప్పుడు' అని రాసుకుంది. ఆకు కోసే చేతులకు పనుంటుంది, నోటికీ మనసుకూ ఉండదు. ఫ్రెంచిలో మల్బరీ పెట్టలేం కదా, అక్కడ చాలామందికి పట్టుపురుగులు తెలియవు. నీళ్ళకు పోయే దారి అని పెట్టాం. అక్కడా ఇక్కడా ఆడదానికి ఒంటరిగా దొరికే చోటు అదే.

మీరు, నువ్వు సంగతి మీకందరికీ తెలిసిందే. ఫ్రెంచిలోనూ ఆ రెండూ ఉన్నాయి, 'వూ', 'త్యు'. ఇంగ్లీషుకు ఆ బాధ లేదు. పాఠం చదివే పాస్టరమ్మను పుస్తకం ఏమని పిలవాలి? 'త్యు' అంటే చనువు ఎక్కువ. 'వూ' అంటే కలెక్టరాఫీసు నోటీసులా ఉంటుంది. నా విద్యార్థిని 'త్యు' కావాలంది, నేను 'వూ' అన్నాను. పాస్టరమ్మ రెండింటినీ కొట్టేసింది. తన పుస్తకంలో ఎక్కడ చూసినా 'మనం'. "మీరు అంటే నేను బయట నిలబడినట్టు. నువ్వు అంటే మా అత్తకు కోపం. మనం అంటే ఎవురికీ బాధ లేదు."

ఇక్కడ నేను చిక్కులో పడ్డాను. తెలుగులో మనం వేరు, మేము వేరు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఫ్రెంచిలో రెండింటికీ కలిపి ఒకే 'నూ'. క్రైస్తవ ప్రార్థనలో దేవుణ్ణి 'మా తండ్రీ' అని పిలుస్తారే తప్ప 'మన తండ్రీ' అనరు, గమనించారా? ఆయనతోనే మాట్లాడుతూ ఆయనను కూడా 'మన'లో కలిపేస్తే ఆయనకూ ఇంకొక తండ్రి ఉన్నట్టవుతుంది. జర్మనీ నుంచి, ఇంగ్లండు నుంచి, అమెరికా నుంచి వచ్చి తెలుగులో ప్రార్థన రాసిన ప్రతి తెల్లవాడికీ ఈ తేడాను ఎవరో ఒక తెలుగు మనిషి పక్కన కూర్చుని చెప్పే ఉండాలి. చివరకు ఫ్రెంచిలో 'నూ' బదులు 'ఓఁ' అనే చిన్న మాట వాడాం. వ్యాకరణం పుస్తకాలు దాన్ని కొంచెం చిన్నచూపు చూస్తాయి, నా క్లాసులో నేనూ చూసేదాన్ని. వీధిలో, వంటింట్లో, బస్సులో మాత్రం ఫ్రెంచివాళ్ళు 'మనం' అనాల్సిన చోట ఆ మాటే అంటారు.

'స్త్రీ' అనే మాట ఇంకొకటి. సువార్తలో యేసు తన తల్లినీ, బావి దగ్గర సమరయ స్త్రీనీ ఒకే గ్రీకు మాటతో పిలుస్తాడు. ఇంగ్లీషులో అది 'ఉమన్', ఫ్రెంచిలో 'ఫామ్'. ఏయ్ ఆడదానా అన్నట్టు చెవికి గట్టిగా తగులుతుంది. మన తెలుగు బైబిలులో అది 'అమ్మా' అయింది. నూరేళ్ళకు పైగా మనవాళ్ళు ఆ మాటను వింటున్నారు కాబట్టి అది అనువాదమని కూడా తోచదు. ఫ్రెంచి పాఠంలో ఆ పిలుపు దగ్గర ఒక వాక్యం కలిపాం, అది కోపపు పిలుపు కాదని. అంతకన్నా ఏమీ చేయలేకపోయాం. లూయీ సెగోఁ చేసిన బైబిలును, 1880లో పూర్తయి 1910లో సవరించిన దాన్ని, ఫ్రెంచి మాట్లాడే ప్రొటెస్టంట్లు కంఠతా పట్టి ఉంటారు. దాని మీద చెయ్యి వేయడం మన పాత తెలుగు బైబిలు మీద చెయ్యి వేయడం లాంటిదే. ఫ్రెంచి రెండో భాషగా ఉన్నవాళ్ళ కోసం 2000లో 'పరోల్ ద వీ' అనే బైబిలు వచ్చింది. దానిలో మొత్తం మూడున్నర వేల మాటలు మించకుండా చూసుకున్నారు. కొందరు పండితులు దాన్ని పిల్లల బైబిలు అంటారు. పాస్టరమ్మ రూళ్ళ పుస్తకంలో ఎన్ని మాటలున్నాయో నేను లెక్కపెట్టలేదు కానీ, మూడు వేలు దాటవని పందెం కాస్తాను.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. నన్ను ఇక్కడికి పిలిచింది పాత సంగతులు నాలుగు చెబుతానని కూడా కదా.

మన పుంగనూరుకు ఫ్రెంచి కొత్త కాదు. మూడు వందల ఏళ్ళ కిందట, 18వ శతాబ్దం మొదట్లోనే, పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్విట్లు కొండలెక్కి ఈ వైపు వచ్చి పుంగనూరులో మకాం పెట్టారు. కర్ణాటక మిషన్ అని దాని పేరు. కాషాయం కట్టుకుని, మాంసం మానేసి, సన్యాసుల్లా తిరిగేవాళ్ళు. వాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాలు 1702 నుంచి పారిస్‌లో సంపుటాలుగా అచ్చయ్యాయి. మనవాళ్ళు ఫ్రెంచివాళ్ళను పరాసులు అనేవాళ్ళు. పరాసు పాదిర్లు మన మాటలను ఫ్రెంచి అక్షరాల్లో రాసుకుని ఓడెక్కించారు. ఫాదర్ కాల్మెట్ ఇక్కడినుంచి పారిస్‌లోని రాజుగారి గ్రంథాలయానికి వేదాలు పంపించాడు. అవి తెలుగు లిపిలో రాసిన ప్రతులు.

వాళ్ళలో ఒకాయన గాస్తోఁ లొరాఁ కేర్దూ. 1732లో వచ్చి 1779లో పుదుచ్చేరిలో పోయాడు. తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు తయారు చేశాడు. 1767లో పారిస్‌లోని పండిత పరిషత్తుకు ఒక ప్రశ్న రాసి పంపాడు, సంస్కృతంలోని మాటలు లాటినులో, గ్రీకులో ఎందుకు కనబడుతున్నాయి అని. విలియం జోన్స్ ఇదే సంగతి చెప్పి పేరు తెచ్చుకున్నది ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళకు, 1786లో. కేర్దూ ఉత్తరం అచ్చయ్యేసరికి 1808 వచ్చింది. అంతేనా, మనవాళ్ళ ఆచారాల గురించి ఆయన రాసిపెట్టిన పుస్తకం ఇంకొకరి చేతికి చిక్కింది. మైసూరు వైపు ఉండిన అబ్బే దుబ్వా 1816లో తన పేరుతో అచ్చు వేయించిన ప్రసిద్ధ గ్రంథంలో చాలా భాగం కేర్దూదేనని సిల్వియా మూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు 20వ శతాబ్దం చివర్లో నిరూపించింది. పేరు పోగొట్టుకున్న మనిషి పేరు వెతికి పెట్టడానికి రెండు వందల ఏళ్ళ తర్వాత ఒక ఆడమనిషి రావాల్సి వచ్చింది.

దుబ్వాను మరీ తిట్టను. ఆయన 1826లో పంచతంత్రాన్ని ఫ్రెంచిలో అచ్చు వేశాడు. దానికి ఎదురుగా పెట్టుకున్న ప్రతులు మూడు భాషల్లోవి, తమిళం, తెలుగు, కన్నడం. గుడుపల్లె రైలు పెట్టెలో ఏ భాషలు వినబడతాయో అవే.

అటు ప్రొటెస్టంట్ల వైపు వస్తే ఒక వింత. తెలుగులో మొట్టమొదట అచ్చయినవి కావ్యాలూ పురాణాలూ కావు. 1746లో, జర్మనీలోని హాలె పట్నంలో, బెంజమిన్ షుల్జ్ అచ్చు వేయించిన క్రైస్తవ ప్రశ్నోత్తరాలు. అంటే బైబిలు పాఠాలే. తెలుగు అచ్చు పుట్టింది పాస్టరమ్మ లాంటి వాళ్ళు పట్టుకుని కూర్చునే పుస్తకంతో. తెలుగు సాహిత్య చరిత్ర రాసేవాళ్ళు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. అది కవిత్వం కాదు కదా మరి.

విశాఖపట్నంలో 1805 నుంచి డెస్ గ్రాంజెస్, క్రాన్ అనే లండన్ మిషన్ దొరలు సువార్తలు దించారు. వాళ్ళ పక్కన కూర్చున్న మనిషి ఆనందరాయరు. 1810లో డెస్ గ్రాంజెస్ పోయాడు, సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. మదనపల్లెకు వస్తే జేకబ్ చేంబర్లేన్. అమెరికా నుంచి వచ్చిన డాక్టరు, ఆర్కాటు మిషన్ మనిషి. 1863లో మదనపల్లెలో పని మొదలుపెట్టి, 1908లో అక్కడే కన్నుమూశాడు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి 1873 నుంచి రెండు దశాబ్దాలు అధ్యక్షుడు. పొద్దున రోగుల్ని చూసి, సాయంత్రం క్రియాపదాలు చూసేవాడన్నమాట. ఆ కాలపు అనువాద సంఘాలన్నీ మగవాళ్ళవి. బైబిలు స్త్రీలని పిలిచే తెలుగు ఆడవాళ్ళు ఇంటింటికీ పోయి చదివి వినిపించేవాళ్ళు కదా, ఏ మాట దగ్గర వినేవాళ్ళ మొహం ముడుచుకుందో వాళ్ళకు తెలుసు. వాళ్ళను ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. ఒక్క పండిత రమాబాయి మాత్రం ఎవరూ అడిగేదాకా ఆగలేదు. పల్లెటూరి ఆడవాళ్ళకు అర్థమయ్యే మరాఠీలో, హీబ్రూ గ్రీకు మూలాలు ముందు పెట్టుకుని, బైబిలు మొత్తం తానే దించింది. కేడ్‌గావ్‌లోని ముక్తి ఆశ్రమంలో అక్షరాలు పేర్చినవాళ్ళూ ఆడవాళ్ళే. 1922లో ఆమె పోయాక 1924లో పుస్తకం బయటికి వచ్చింది.

మదనపల్లెలో ఇంకొక అనువాదం కూడా జరిగింది, అది మీకు చిన్నప్పటినుంచీ తెలుసు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు థియొసాఫికల్ కాలేజీలో ఉండగా జనగణమనను ఇంగ్లీషులో రాశాడు, మార్గరెట్ కజిన్స్ స్వరం కట్టింది. ఈ సంగతి ప్రతి స్మారకోపన్యాసంలోనూ వస్తుంది కాబట్టి నేనూ చెప్పేశాను. ఇక పాస్టరమ్మ దగ్గరికి పోదాం.

ఏడో పాఠం ఆదికాండం మీద. మగవాడికి తోడుగా ఆడదాన్ని చేసిన కథ. ఇంగ్లీషు పాఠం 'హెల్పర్' అనే మాట పట్టుకుని మూడు పేజీలు సాగదీసింది, భర్త పరిచర్యలో భార్య ఎలా సర్దుకుపోవాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి అని. పాస్టరమ్మ తెలుగు బైబిలు తీసి ఒక్క మాట మీద వేలు పెట్టింది, 'సాటి'. "సాటి అంటే ఏంది టీచరమ్మా? సమానమనే కదా. ఆ మాటకు పాఠంలో ఒక్క లైను కూడా లేదేమి?" ఫ్రెంచి బైబిలు తెరిచాను. అక్కడ 'సాఁబ్లాబ్ల్' అని ఉంది, పోలినది, సరిజోడు. రెండు భాషల్లోనూ ఉన్న మాటను పాఠం రాసినవాళ్ళు చూడనే లేదు. మేం సాటి మీద ఒక పేరా రాసి పంపాం. అనువాదకులకు పాఠం మార్చే హక్కు లేదని తిప్పికొట్టారు. పేరా పోయింది. అప్పుడు ఆమె ఒక ఉపాయం చేసింది. పాఠం చివర ప్రశ్నలు ఉంటాయి కదా, 'ఈ వచనంలో మీకు ముఖ్యమనిపించిన మాట ఏది?' అని ఉన్నచోట, 'ఈ వచనంలో సహాయం అనే మాట పక్కనున్న మాట ఏది, దాని అర్థమేమి?' అని మార్చించింది. ప్రశ్న మార్చడం మీద ఎవరికీ అభ్యంతరం రాలేదు. పేరా చేయలేని పని ప్రశ్న చేసింది. గురువారం కూటంలో ఆ ప్రశ్న అడిగితే మాటలు గంటన్నర సాగాయని చెప్పింది.

పరిచర్య అనే మాట మీద కూడా ఆమెకు ఒక కంప్లైంటు ఉండేది. రోగికీ మొగుడికీ చేసేది పరిచర్య, దేవుడి పనీ పరిచర్యే, జీతం మాత్రం ఒక్కరికే అనేది. నవ్వుతూనే అనేది.

పన్నెండు పాఠాల్లో వంట ఉంది, పిల్లల పెంపకం ఉంది, అతిథుల మర్యాద ఉంది, డబ్బు లెక్కలు ఉన్నాయి. పాస్టరు చనిపోతే ఏమిటన్నది లేదు. పని సగంలో ఉండగా ఆమె భర్త పోయాడు. నెల తిరక్కుండా గుడి ఇల్లు ఖాళీ చేయాలి, కొత్త పాస్టరు గారి కుటుంబం వస్తుంది. అది ఎవరి తప్పూ కాదు, పద్ధతి. ఆమె స్టేషను పక్కన ఒక గది అద్దెకు తీసుకుంది. నెల రోజులు నేను పాఠాల మాట ఎత్తలేదు. తర్వాత ఆమే రూళ్ళ పుస్తకం చేతపట్టుకుని మా ఇంటికి వచ్చి, "పదమూడోది ఒకటి ఉండల్ల" అంది.

ఆ పాఠం పేరు మీద రెండు వారాలు గడిచాయి. మన బైబిలులో విధవరాలు అనే మాట ఉంది. ఆమె దాన్ని రాయనంది. తెలుగులో ఆ మాట తిట్టుగా మారి ఎంతకాలమైందో మీకు తెలుసు. ఫ్రెంచిలో 'వెవ్' అంటారు. చిత్రమేమంటే విధవ, లాటిను 'విదువా', ఫ్రెంచి 'వెవ్' మూడూ ఒకే వేరునుంచి వచ్చిన మాటలు. కేర్దూ పాదిరి వెతికింది ఇలాంటి చుట్టరికాలనే. అక్కడ అది మామూలు మాటగా మిగిలింది, ఇక్కడ తిట్టయింది. ఆమె ఆలోచించి, "ఇల్లు ఖాళీ చేసే రోజు అని పెట్టండి" అంది. "మొగుడు అందరికీ పోతాడు. ఇల్లు పోయేది మాకే."

ఆ పాఠాన్ని ఎవరూ అడగలేదు. దానికి ఇంగ్లీషు మూలం లేదు, తెలుగే మూలం. గుడుపల్లెలో ఒక అద్దెగదిలో పెన్నుతో రాసిన మూడు పేజీలు. మొదటి పేజీ, కొత్తగా వచ్చే పాస్టరమ్మకు తాళాలు ఎలా ఇవ్వాలి అని. ఏడవకుండా ఇవ్వాలి అని రాసి కొట్టేసి, ఏడ్చినా ఫర్వాలేదు, తాళం తిరిగే పద్ధతి చూపించి ఇవ్వాలి అని మళ్ళీ రాసింది. రెండో పేజీ, ఊరివాళ్ళు ఇంకా పాస్టరమ్మా అని పిలుస్తారు, పలకాలా వద్దా అని. ఈ రెండూ ఫ్రెంచిలోకి దించేశాను.

మూడో పేజీ ఒక పట్టిక. గుడివి ఏవి, మనవి ఏవి అని విడదీసి రాసుకోవడం. గుడి చాపలు నాలుగు, గుడి పెట్రోమాక్సు దీపం ఒకటి, కుర్చీలు ఆరు. బిందెలు, గుడివి రెండు, నావి మూడు. దీనికి ఫ్రెంచి వెతుకుతున్నాను. పారిస్ నిఘంటువులో బిందెకు మాట లేదు. పశ్చిమ ఆఫ్రికా ఫ్రెంచిలో నీళ్ళ కుండను కనారి అంటారు. మంచి మాట, ఆ మమాఁ పాస్తర్‌కు వెంటనే కనబడుతుంది, నోట్లో తిరుగుతుంది. కానీ అది మట్టిది. బిందె అయితే చంకన పెట్టుకుని వీధి దాటొచ్చు, పడినా సొట్ట పడుతుంది అంతే. అక్కడ రేకు గిన్నెను బసీన్ అంటారు, అది గట్టిదే, కాకపోతే దానిలో నీళ్ళు నిలవ పెట్టరు. ఆమె ఉంటే, ఆయమ్మ ఏది మోసుకుపోతుంది అని అడిగి తేల్చేసేది. ప్రస్తుతానికి కనారి అని రాసి, చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి పెట్టాను.